మూత వేరు, మూసివేత వేరు

మా బావ బంకులో భూమి కింద మూడు డీజిల్ ట్యాంకులున్నాయి. రెండు పనిచేస్తాయి. మూడోది పన్నెండేళ్లుగా పనిచేయదు. బంకులో పనిచేయనివాళ్లు ఇంకా కొందరున్నారు కానీ, వాళ్ల గురించి ఏ ఫారంలోనూ అడగరు.

నా పని కర్ర దించడం. పొద్దున్నే ట్యాంకు మూత తీసి, పొడవాటి కొలతకర్రను అడుగు తగిలేదాకా దించి, పైకి లాగి, ఎక్కడిదాకా తడిసిందో చూసి పుస్తకంలో రాయాలి. నలభై ఏళ్లుగా ఇదే. ఈ పనికి మాటలతో అవసరం లేదు. అక్కని పెళ్లి చేసుకున్న ఏడాదే బావ నాకు మూగోడు అని పేరు పెట్టాడు. తను ఇద్దరి వాటా మాట్లాడతాడు కాబట్టి ఇంట్లో మాటలకి లోటు రాలేదు.

ఒకరోజు పర్యావరణ శాఖవాళ్లు చిన్న వ్యాపారులకి సాయం చేయడానికని ఒక మనిషిని పంపారు. భూమి కింద ట్యాంకులున్న ప్రతివాడూ కొత్త నిబంధనలు పాటించాలట. ఎలా పాటించాలో ఇతను చెబుతాడట. సాయం అన్న మాట అతని సంచీ మీద ఆకుపచ్చ అక్షరాల్లో అచ్చు వేసి ఉంది. అతనికి ముప్పై అయిదేళ్లుంటాయి. బూట్లకి మరకలంటుతాయని బంకంతా మడమల మీద నడిచాడు. పేరు చెప్పాడు కానీ ఎవరం పట్టించుకోలేదు. ప్రతి మాటకీ ముందు "నా సలహా ఏంటంటే" అనేవాడు. సాయంత్రానికల్లా సలహా బాబు అయ్యాడు.

బావ అతన్ని గదిలో తన కుర్చీలోనే కూర్చోబెట్టాడు. తను స్టూలు మీద కూర్చున్నాడు. ప్రభుత్వం మనిషి కనిపిస్తే మా బావ వెన్నుపూస మెత్తబడుతుంది. అక్క టీ తెచ్చింది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను.

సలహా బాబు ఫారం తీసి చదివాడు. "మీ ఆవరణలో గల భూగర్భ ఇంధన నిల్వపాత్రలు ఎన్ని?"

బావ అక్క వైపు చూశాడు.

"పాత్రలా? ఇక్కడెందుకుంటాయి? అన్నీ వంటింట్లోనే ఉన్నాయి. ఏ పాత్రలు కావాలి బాబూ?" అంది అక్క.

"పాత్ర అంటే ట్యాంకమ్మా."

"మరి ట్యాంకనే రాయొచ్చుగా?"

"ఫారం తెలుగులో ఉండాలని రూలండీ."

"ఇది తెలుగేనా?" అని అక్క ఖాళీ కప్పులు తీసుకుని వెళ్లిపోయింది. ఆ రోజు ఆ గదిలో బుర్ర వాడింది ఆవిడొక్కతే. ఆవిడే వెళ్లిపోయింది.

మూడు పాత్రలని బావ ఒప్పుకున్నాడు. ఒకటి వాడుకలో లేదని చెప్పాడు. సలహా బాబు పేజీ తిప్పాడు.

"వాడుకలో లేని పాత్ర మూసివేయబడినదా?"

"ఓ! ఎప్పుడో మూసేశాం బాబూ. తాళం కూడా వేశాం. తాళంచెవి ఇదిగో, నా జేబులోనే ఉంటుంది."

"తాత్కాలికమా, శాశ్వతమా?"

"నేను బతికుండగా దాన్నెవడూ తెరవడు."

"అయితే శాశ్వతమే" అని సలహా బాబు టిక్కు పెట్టాడు. టిక్కు చాలా అందంగా పెట్టాడు. తోక పొడుగ్గా లాగాడు.

నేను నోరు తెరిచాను. "దాన్లో డీజిల్ ఉంది."

ఇద్దరూ నా వైపు తిరిగారు. బావ ముఖం గంటు పెట్టుకున్నాడు.

"ఎంతుందండీ?" అన్నాడు సలహా బాబు.

"నాలుగు వేళ్లు. తాళం వేసిన రోజు నేనే కొలిచాను."

"వేళ్లా?" అతను ఫారాన్ని పైనుంచి కిందికి చూశాడు. "లీటర్లుంది, సెంటీమీటర్లుంది. వేళ్లు అనే కొలత మా పట్టికలో లేదండీ."

"అది డీజిల్ కాదు బాబూ, అడుగున మిగిలిన మడ్డి. మావాడు నెలకో మాట మాట్లాడతాడు, అదీ ఇలాంటిది" అని బావ నవ్వాడు. సలహా బాబు కూడా నవ్వాడు. నేను బయటికొచ్చేశాను. ఒక్కసారి చెప్పాను కదా, ఇక నా బాధ్యత తీరిందనుకున్నాను. అంత సులువుగా చేతులు దులుపుకున్నవాణ్ణి, ఇంకొకరిని వెక్కిరించడానికి నాకు నోరుండకూడదు. కానీ ఉంది.

వెళ్తూ వెళ్తూ సలహా బాబు ఒక చిన్న పుస్తకం ఇచ్చాడు. బావ దాన్ని టేబుల్ కాలు కింద పెట్టాడు. ఆ కాలు పొట్టిది. నేను దాన్ని లాగి, అక్కడ అట్టముక్క పెట్టి, వారంపాటు రోజుకి రెండు పేజీలు చదివాను. రాసినవాడూ పంచినవాడూ పుచ్చుకున్నవాడూ ముగ్గురూ దాన్ని చదవలేదని అప్పుడు తేలింది. చివర్లో మూసివేత అంటే ఏంటో ఉంది. లోపల మిగిలిందంతా తోడెయ్యాలి. ట్యాంకు కడగాలి. ఇసుకతో నింపాలి, లేదా తవ్వి బయటికి తియ్యాలి. చుట్టూ మట్టి తీసి పరీక్షకి పంపాలి. అక్కడ మూత అన్న మాటే లేదు, తాళం ఊసే లేదు.

ఆ పేజీ బావకి చూపించాను. ఆయన అప్పటికే పర్యావరణ శాఖ ఇచ్చిన సర్టిఫికెట్టుకి ఫ్రేము కట్టిస్తున్నాడు.

"కాగితం వచ్చాక ఇంకా పుస్తకమెందుకురా?" అన్నాడు.

నేను పుస్తకం జేబులో పెట్టుకున్నాను.

బంకు వెనక గోడకి అవతల మా మేనకోడలి లాండ్రీ ఉంది. బావకి ఒక్కతే కూతురు. ఒక మిషనుతో మొదలుపెట్టి అయిదు చేసింది. దగ్గర్లోని లాడ్జి దుప్పట్లు, ఆసుపత్రి తెల్లకోట్లూ దుప్పట్లూ, ఇద్దరు ముగ్గురు హోటళ్లవాళ్ల బల్లగుడ్డలు, అన్నీ అక్కడే ఉతికేది. నీళ్లు పెరట్లో బావివి. అయిదు మిషన్లు రోజంతా తిరిగినా ఆ బావి ఎండలేదు. మా బావ సంపాదించినదాన్లో కాస్త గొప్పగా చెప్పుకోదగ్గది ఏదైనా ఉంటే ఆ పిల్లే.

సర్టిఫికెట్టు గోడకెక్కిన ఆర్నెల్లకి లాడ్జి మేనేజరు దుప్పట్ల మూట తెచ్చి లాండ్రీ అరుగు మీద పడేశాడు. నేనక్కడే ఉన్నాను.

"ఏంటమ్మా ఇది? మీ దుప్పట్లో పడుకుంటే లారీలో పడుకున్నట్టుందంటున్నాడు మా గెస్టు."

మేనకోడలు దుప్పటి ముక్కు దగ్గర పెట్టుకుంది. "నాకేం తెలియట్లేదండీ."

"మీకెలా తెలుస్తుంది, పుట్టిందే బంకులో" అన్నాడు. పొగరుగా అన్నాడు కానీ అది నిజం. మా ఇంట్లో ఎవరికీ డీజిల్ వాసన తెలియదు. బావ చొక్కాకి ఉంటుంది, అక్క చేతి సంచీకి ఉంటుంది, నా దిండుకి ఉంటుంది. ఊపిరికి వాసనుంటుందా? మాకు డీజిలూ అంతే.

ఆ పిల్ల సబ్బు మార్చింది. ఇంకో సబ్బు మార్చింది. వేడినీళ్లలో ఉతికింది. ఎండలో రెండు రోజులుంచింది. మూట మళ్లీ వెనక్కి వచ్చింది. ఈసారి మేనేజరు గడువు పెట్టాడు. నెలాఖరులోగా వాసన పోకపోతే లాడ్జి బట్టలన్నీ వేరే లాండ్రీకి పోతాయి. హోటళ్లవాళ్లు కూడా అప్పటికే ముక్కులు ఎగబీల్చడం మొదలుపెట్టారు. లాడ్జి పోతే రెండు మిషన్లు ఖాళీ. హోటళ్లు కూడా పోతే తలుపులు మూసుకోవడమే.

"చవకబారు సబ్బు కొంటున్నావు" అన్నాడు బావ. సర్టిఫికెట్టు అందుకున్నప్పటి నుంచి ఆయనకి అన్నీ తెలిసిపోతున్నాయి.

మేనకోడలు నన్ను పెరట్లోకి తీసుకెళ్లింది. "మామయ్యా, నువ్వు నాతో అబద్ధమాడవు. ఏంటిది?"

బావిలోంచి ఒక బకెట్టు తోడాను. ఎండలో పెట్టి, నీళ్లు కదలకుండా ఆగేదాకా కూర్చున్నాను. నీళ్ల మీద పల్చటి తెర తేలింది. దాన్లో ఊదా, ఆకుపచ్చ, పసుపు మెరిశాయి. వాన పడినప్పుడల్లా బంకు నేల మీద చూసే రంగులే. బావిలో మాత్రం వాటిని ఎప్పుడూ చూడలేదు.

"పద" అన్నాను.

బావ గదిలో పేపరు చదువుతున్నాడు.

"మూడోదాని తాళంచెవి ఇవ్వు" అన్నాను.

"ఎందుకు?"

"కర్ర దించాలి."

"మూసేసిన ట్యాంకులో కర్రేంట్రా? ఎండలో తిరిగి మతి పోయిందా?"

"నాన్నా, ఇవ్వు" అంది మేనకోడలు.

"నువ్వెందుకొచ్చావే? వీడు నీకేదో నూరిపోశాడా?"

"మామయ్య ఏనాడైనా ఎవరికైనా ఏదైనా నూరిపోశాడా? అడిగితే సగం మాట చెప్పడానికి ఆయనకి పూట పడుతుంది. తాళంచెవి ఇస్తావా, గడ్డపార తెమ్మంటావా?"

బావ తాళంచెవి టేబుల్ మీదికి విసిరాడు. "చూసుకోండి! చూసి ఏడవండి!"

తాళం తుప్పు పట్టింది, తిరగలేదు. కాస్త డీజిల్ పోశాను. తిరిగింది. మూత తీసి కర్ర దించాను. అడుగు తగిలింది. పైకి లాగి బావ ముక్కు ముందు పెట్టాను. ఒక్క వేలు తడిసింది. అంతే.

"నాలుగన్నావు?" అన్నాడు బావ.

"అన్నాను."

"మరి మిగతా మూడు వేళ్లేమయ్యాయి?"

"నీ కూతురి బావిలో ఉన్నాయి."

మూడు వేళ్లంటే చూడ్డానికి ఏమీ లేదు. ఆ ట్యాంకు అడుగున అది సగం డ్రమ్ముకి పైమాటే. అడుగున ఇనుముని తుప్పు తినేసింది. డీజిల్ గోడ కిందుగా, పల్లం వైపుగా, తీరిగ్గా నడుచుకుంటూ వెళ్లింది. దానికి ఎవరి సలహా అక్కర్లేకపోయింది.

బావ మూత అందుకుని ట్యాంకు మీద పెట్టాడు. తర్వాత, "కాగితం మీద మూసే ఉంది కదా" అన్నాడు, తనలో తను.

సలహా బాబుకి ఫోను చేశారు. మర్నాడు మధ్యాహ్నం వచ్చాడు. ఈసారి సంచీ కొత్తది, సాయం అన్న అక్షరాలు ఇంకా పెద్దవి. మేనకోడలు అతని ముందు బకెట్టు పెట్టింది. అతను వంగి చూసి, చొక్కా తగలకుండా వెనక్కి జరిగాడు.

"చూడండీ, శాశ్వతంగా మూసివేయబడిన పాత్ర నుంచి లీకు రావడం కుదరదు" అన్నాడు.

"వచ్చిందిగా?" అంది మేనకోడలు.

"రికార్డు ప్రకారం కుదరదండీ."

"మరి మా దుప్పట్లు?"

"దుప్పట్లు మా పరిధిలోకి రావమ్మా."

నేను పుస్తకం తీసి ఆ పేజీ తెరిచి అతని చేతిలో పెట్టాను. తన శాఖ పుస్తకమే. అతను కొత్త నవలలాగా చదివాడు. చదువుతుంటే చెవులు ఎర్రబడ్డాయి.

"మూత వేరు, మూసివేత వేరు" అన్నాను.

"ఆ మాట మీరు ఆ రోజే స్పష్టంగా చెప్పాల్సిందండీ" అన్నాడు. కొంచెం సిగ్గుంటే ఆ మాట గొంతులోంచి రాదు. కానీ దాన్లో కొంత నిజముంది. అందుకే నాకు ఇంకా ఒళ్లు మండింది.

"సరే, ఇప్పుడు సరిగ్గా మూయిస్తాం. ఏం చెయ్యాలో చెప్పండి" అన్నాడు బావ. గొంతు చిన్నదైపోయింది.

సలహా బాబు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "అదే చిక్కు. మూసిన దాన్ని మూయడానికి ఫారం లేదు. ముందు అది తెరిచి ఉన్నట్టు మీరు రాసివ్వాలి. అలా రాస్తే మొదట తప్పు రాసినట్టు మీరే ఒప్పుకున్నట్టు. శుభ్రం చేసి పరీక్షలయ్యేదాకా బంకు మొత్తం ఆపేస్తారు. అది ఎన్నాళ్లో నేను చెప్పలేను. నా సలహా ఏంటంటే, మీరేం ముట్టుకోకండి. ఆ ఒక్క వేలు ఎంతండీ, అదే పోతుంది. అమ్మాయిగారు ఇంకోచోట బోరు వేయించుకుంటే సరి."

"ఇంకోచోట అంటే? లాండ్రీ నెత్తిన పెట్టుకుని వెళ్లమంటారా?" అంది మేనకోడలు.

"నా కింద నలభై ఒక్క వ్యాపారాలున్నాయమ్మా. నలభై ఒకటీ నిబంధనలకి లోబడినట్టు పైకి పంపాను. మీ ఒక్కరి కోసం అది నలభై అవుతుంది."

అప్పుడర్థమైంది అతను ఎవరికి సాయం చేస్తున్నాడో.

బావ కూతుర్ని చూశాడు, గోడ మీది ఫ్రేమును చూశాడు. ఆ క్షణంలో ఆయన బంకు వైపే మొగ్గుతున్నాడు. నాకు తెలుసు. నలభై ఏళ్లుగా ఆయన ఎటు ఒరుగుతాడో చూస్తూనే ఉన్నాను.

"బావా" అన్నాను. "ఆ రోజు నాలుగు వేళ్లని ఒక్కసారి చెప్పాను. నవ్వారు. నేను ఊరుకున్నాను. రెండోసారి, మూడోసారి చెప్పాల్సింది. నువ్వు తిడితే పడాల్సింది. చెప్పలేదు. ఈ బావి పాడవడంలో నీ వాటా ఎంతో నాదీ అంతే. ఇప్పుడు చెబుతున్నా. ఇంకా ఒక వేలుంది. అదీ నీ కూతురి బావిలోకే పోతుంది. నువ్వు ఊరుకుంటే ఈసారి నేను ఊరుకోను. లాడ్జికెళ్లి చెబుతా. ఆసుపత్రికెళ్లి చెబుతా. బస్సులో పక్కన కూర్చున్నవాడికి చెబుతా."

అక్క గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు.

"వీడికి ఇన్ని మాటలొచ్చా?" అన్నాడు బావ.

"మాటలు లెక్కపెట్టకండి. ఏం చెప్పాడో వినండి" అంది అక్క. "కడుపున పుట్టినదాని పొట్ట కొట్టి ఆ ఫ్రేము అద్దంలో చూసుకుని తల దువ్వుకుంటారా?"

బావ సలహా బాబు సంచీలోంచి ఒక ఫారం లాక్కున్నాడు.

"దాన్లో మీరు రాయడానికి చోటు లేదండీ, అన్నీ గళ్లే" అన్నాడు సలహా బాబు.

బావ కాగితం వెనక్కి తిప్పాడు. వెనకంతా ఖాళీ. నాలుక కొస బయట పెట్టి, పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు. మూడో ట్యాంకుకి మూత పెట్టాం. మూయలేదు. డీజిల్ కారింది. మా అమ్మాయి బావి చెడింది. మూశామని చెప్పింది నేనే, తప్పు నాదే. కింద సంతకం పెట్టాడు.

"వెనక రాసింది చెల్లదండీ. నేను తీసుకోను" అన్నాడు సలహా బాబు.

"నువ్వు తీసుకోకు" అని నేను తీసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి పర్యావరణ శాఖ ఆఫీసుకి వెళ్లాను. సలహా బాబు గది మూడో అంతస్తులో ఉంది. నేను పైకి వెళ్లలేదు. కింద కిటికీ దగ్గర, వచ్చిన కాగితాల మీద స్టాంపు గుద్దే ఆయన కూర్చుని ఉన్నాడు. నాకు కావాల్సింది ఆయనే. కాగితాన్ని బావ రాసినవైపు పైకి పెట్టి ఇచ్చాను. ఆయన కాగితాన్ని చూడలేదు, నన్నూ చూడలేదు. ధన్ మని గుద్దాడు. నంబరు వేశాడు. నా చేతికో చీటీ ఇచ్చాడు. ఆ ఆఫీసులో చదివే అలవాటు లేకపోవడం ఆ ఒక్కరోజు మాకు కలిసొచ్చింది. నంబరు పడిన కాగితం పొరపాటున కూడా పోదు. ఎవరో ఒకరు దానికి జవాబు రాయాలి.

పదకొండో రోజున వచ్చారు. బంకుకి అడ్డంగా తాడు కట్టారు. రెండు మంచి ట్యాంకుల్ని కూడా ఆపేశారు. మూడోదాన్లో ఉన్న ఒక్క వేలూ గొట్టంతో పీల్చారు, కడిగారు, ఇసుక దించారు. గోడ వెంట మట్టి తవ్వి సీసాల్లో నింపుకున్నారు. తవ్విన మట్టి నల్లగా జిడ్డుగా ఉంది. అది చూసి బావ పక్కకి వెళ్లి కూర్చున్నాడు.

బావిని వాడొద్దన్నారు. ఎన్నేళ్లని అడిగితే పరీక్షలు చెబుతాయన్నారు. మేనకోడలు వీధి చివర నీళ్ల లైను నుంచి గొట్టం వేయించుకుంది. కొత్త నీళ్లతో ఉతికిన దుప్పట్లు గడువుకి రెండు రోజులు ఆలస్యంగా వెళ్లాయి. లాడ్జి మేనేజరు అప్పటికే వేరే లాండ్రీకి మాటిచ్చేశాడు. హోటళ్లవాళ్లు వాసన చూసి, మళ్లీ చూసి, ఉండిపోయారు. ఆసుపత్రివాళ్లు అసలు కదల్లేదు. వాళ్లకి ఇంతకన్నా పెద్ద వాసనలున్నాయి. అయిదు మిషన్లలో మూడు తిరుగుతున్నాయి. తలుపులు మూసుకునే అవసరం రాలేదు.

సలహా బాబుకేమైందని అందరూ అడుగుతారు. శాఖవాళ్ల పత్రికలో ఫోటో పడింది. మా గుంత పక్కన నిలబడి చెయ్యి చాపి చూపిస్తున్నాడు. చాకచక్యంతో లీకును కనిపెట్టిన అధికారి అని కింద రాశారు. ఆ పత్రికని మాకు అతనే స్వయంగా పోస్టులో పంపాడు. పంపడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. లేదా ఎంత తెలివితక్కువతనం కావాలో.

బంకు ఇంకా తెరవలేదు. బావకి పొద్దుపోదు. లాండ్రీలోకి వచ్చి కూర్చుంటాడు. మొదట్లో సలహాలిచ్చాడు. మేనకోడలు ఆసుపత్రి దుప్పట్లు తెచ్చి ఆయన ముందు పడేసి మడతలు పెట్టమంది. ఒక మనిషి డెబ్బై నాలుగేళ్లు బతికి దుప్పటి మడవడం రాకుండా ఉండగలడని నేను అనుకోలేదు. ఒక అంచు ముందుకొస్తుంది, ఇంకోటి వెనక్కిపోతుంది. ఆయన అటు తిరగ్గానే మేనకోడలు విప్పి మళ్లీ మడుస్తుంది.

నిన్న ఒకటి పూర్తి చేసి అరచేత్తో రెండుసార్లు తట్టి నా వైపు చూశాడు. "ఎలా ఉందిరా?"

"వంకరగా ఉంది" అన్నాను.

"నువ్వు మూగోడివిగా ఉన్నప్పుడే నయం" అని దాన్ని విదిలించి విప్పేశాడు. రెండు కొసలు తను పట్టుకున్నాడు. మిగతా రెండూ నా చేతిలో పెట్టాడు. "లాగు. ఇంకా వెనక్కి. ఇంకా. ఆఁ, అక్కడాగు."